17వ స్థానం చాలు దేవుడా!

క్లాసులో 20 మంది పిల్లలు. మనవాడికి 17వ ర్యాంకు వచ్చింది. ఏం చేస్తాం? ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెడుతూ నాలుగు చీవాట్లు పెడతాం. ట్యూషన్ మాస్టారిని మార్చాలా అని రాత్రంతా ఆలోచిస్తాం. అంతేగానీ వీధిలో టపాసులు కాల్చం కదా!

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరంలో ఆ పనే చేశారు. 2023 మే 28న తమ ఫుట్‌బాల్ క్లబ్బు 20 జట్లలో 17వ స్థానంలో నిలిచిందని వేలమంది సంబరపడిపోయారు. అరవై దాటిన పెద్దమనుషులు పక్కసీట్లోని ముక్కూ మొహం తెలియనివాళ్లని కౌగిలించుకున్నారు. కుర్రాళ్లు మైదానంలోకి దూకేశారు. ఆ క్లబ్బు పేరు ఎవర్టన్. కప్పు గెలవలేదు. రన్నరప్ కూడా కాదు. మరెందుకంత ఆనందం అంటే... కింద పడలేదు, అంతే.

ఈ వింతకో మెలిక ఉంది. ఎవర్టన్ జెండా మీద లాటిన్‌లో ఓ నినాదం ఉంటుంది. 'అత్యుత్తమమైనది తప్ప మరేదీ చాలదు' అని దాని అర్థం. ఆ జెండానే భుజాన వేసుకుని ఆ అభిమానులు ఏటా మే నెలలో దేవుణ్ని కోరుకున్న కోరిక మాత్రం ఒక్కటే... 'స్వామీ, 17వ స్థానం చాలు!'

చివరి ముగ్గురూ బయటికే!

మనకు ఐపీఎల్ తెలుసు. 2008లో మన డెక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది. హైదరాబాద్ అభిమానులు తలలు పట్టుకున్నారు. మరుసటి ఏడాది అదే జట్టు దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచి తిరిగొచ్చింది. ఐపీఎల్‌లో ఆఖరి స్థానం వస్తే పరువు పోతుందంతే, చోటు పోదు.

ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో అయితే ఆ జట్టుకు రెండో ఏడాది అవకాశమే ఉండేది కాదు. అక్కడి ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు ఉంటాయి. ఒక్కోటీ 38 మ్యాచులు ఆడుతుంది. గెలిస్తే 3 పాయింట్లు, డ్రా చేసుకుంటే 1. ఆగస్టులో మొదలై మే నెలలో ముగిసే ఈ పరీక్షలో చివరి మూడు స్థానాల్లో నిలిచినవాళ్లు మూటాముల్లె సర్దుకోవాల్సిందే. 'ఛాంపియన్‌షిప్' అనే రెండో అంచె లీగ్‌కి దిగిపోతారు. అక్కణ్నుంచి మూడు జట్లు పైకి వస్తాయి. ఓడలు బళ్లు, బళ్లు ఓడలు అవడమంటే అచ్చంగా ఇదే. దీన్నే వాళ్లు 'రెలిగేషన్' అంటారు.

ఆ మాట మనకి మరీ కొత్తేం కాదు. రంజీ ట్రోఫీలో హైదరాబాద్ జట్టు 2022-23 సీజన్లో చిత్తుగా ఓడి ఎలీట్ విభాగం నుంచి ప్లేట్ విభాగానికి దిగిపోయింది. మరుసటి ఏడాదే ప్లేట్ ఫైనల్లో మేఘాలయను ఓడించి తిరిగి పైకెక్కింది. ఆ దిగడం, ఎక్కడం పేపర్లో ఓ మూలన వచ్చాయి. లివర్‌పూల్‌లో అయితే అది ఊరంతటి సమస్య.

కారణాల్లో డబ్బు ఒకటి. ప్రీమియర్ లీగ్‌లో ఆఖరున నిలిచిన జట్టుకి కూడా టీవీ హక్కులూ వగైరాల కింద ఏడాదికి 10 కోట్ల పౌండ్లకు పైగా ముడుతుంది. మన లెక్కలో వెయ్యి కోట్ల రూపాయలకు పైమాటే. కిందికి దిగితే ఆ రాబడి అమాంతం పడిపోతుంది. పడినవాళ్లకి దెబ్బ మరీ గట్టిగా తగలకుండా కొన్నాళ్లు లీగే కొంత సొమ్ము ఇస్తుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'పారాచూట్ చెల్లింపులు'. పేరులోనే తెలిసిపోతోందిగా... ఎంత ఎత్తు నుంచి పడతారో!

తాత ఇచ్చిన ఆస్తి

ఎవర్టన్ అల్లాటప్పా క్లబ్బు కాదు. 1878లో ఓ చర్చి కుర్రాళ్లు మొదలుపెట్టిన జట్టది. 1888లో ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగ్ పుట్టినప్పుడు బారసాలకి హాజరైన 12 జట్లలో ఒకటి. తొమ్మిదిసార్లు లీగ్ విజేత. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పై అంచెలో అత్యధిక సీజన్లు ఆడిన క్లబ్బు ఇదే. 1954 నుంచి ఇప్పటిదాకా ఒక్కసారీ కిందికి దిగలేదు.

ఈ వైభవమే అభిమానికి బరువు. ఎవర్టన్ చివరిసారి పెద్ద కప్పు గెలిచింది 1995లో. ఆ తర్వాత పుట్టిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని తమ పిల్లల్ని మ్యాచులకు తీసుకొస్తున్నారు. కానీ కప్పు ఎత్తడం ఎలా ఉంటుందో వాళ్లు కళ్లారా చూడలేదు. పోనీ, పక్కవాళ్లూ అలాగే ఉన్నారా అంటే అదీ లేదు. 2025 దాకా ఓ పార్కుకి ఇవతల ఎవర్టన్, అవతల లివర్‌పూల్ క్లబ్బు. నిజానికి లివర్‌పూల్ ఆడే యాన్‌ఫీల్డ్ మైదానంలో మొదట ఉన్నది ఎవర్టనే. అద్దె దగ్గర పేచీ వచ్చి 1892లో వీళ్లు ఖాళీ చేసి గుడిసన్ పార్క్‌కి మారారు. ఖాళీ అయిన మైదానం కోసం పుట్టిన జట్టే లివర్‌పూల్. ఆ పక్కింటివాళ్లు 2005లో, 2019లో యూరప్ విజేతలు. 2020లో, 2025లో లీగ్ విజేతలు. వాళ్లింటికి ఏటా కొత్త కారు వస్తుంటే, మనింట్లో పాత స్కూటర్ స్టార్టయితే చాలని మొక్కుకోవడం... అదీ ఎవర్టన్ అభిమాని బతుకు.

ఆ రెండు రంగుల మధ్య గోడలేం లేవు. ఒకే ఇంట్లో అన్నది ఎర్రచొక్కా, తమ్ముడిది నీలిచొక్కా. బావామరుదులు చెరో పక్కన. సోమవారం పొద్దున ఆఫీసులో, ఆదివారం భోజనాల దగ్గర దెప్పిపొడుపులు తప్పవు. కింది లీగ్‌కి పడిపోతే ఆ దెప్పిపొడుపులు కూడా ఉండవు. జాలి చూపులు మొదలవుతాయి. అభిమానికి ఎగతాళి కన్నా ఆ జాలే ఎక్కువ భయం.

'అంత బాధెందుకు, గెలిచే జట్టుకి మారిపోవచ్చుగా' అనిపించవచ్చు. అక్కడ ఆ ప్రశ్నే ఉండదు. క్లబ్బుని ఎవరూ ఎంచుకోరు. ఇంటిపేరులా వస్తుంది. తాత కూర్చున్న వరసలో తండ్రి, తండ్రి పక్కన కొడుకు. ఆ బంధం ప్రాణంతో కూడా తెగదు. గుడిసన్ పార్క్ మైదానం అంచుల్లో 800 మందికి పైగా అభిమానుల చితాభస్మాన్ని భూమిలో ఉంచారు. ఇక చోటు లేక 2004లో ఆ ఏర్పాటు ఆపేయాల్సి వచ్చింది. మనం అస్థికలు గోదాట్లో కలిపినంత నిష్ఠగా వాళ్లు ఆ గడ్డిలో కలిశారు. అందుకే రెలిగేషన్ అంటే అభిమానికి ఏదో ఆట ఓడిపోవడంలా తోచదు. పెద్దలు అప్పగించిన పొలం తన హయాంలో వేలానికి వచ్చినట్టుంటుంది.

ఏప్రిల్ లెక్కలు

మార్చి దాటిందంటే కింది వరస అభిమానులందరూ లెక్కల మాస్టార్లయిపోతారు. ఇంకెన్ని మ్యాచులున్నాయి, మనకెన్ని పాయింట్లు, లీడ్స్‌కెన్ని, లెస్టర్‌కి మిగిలిన మ్యాచులు ఎవరితో... టీ తాగుతూ, బస్సులో వెళుతూ అవే కూడికలు. కప్పు కోసం పోరాడే జట్టు అభిమాని పట్టికను పైనుంచి చదువుతాడు. వీళ్లు కిందినుంచి చదువుతారు.

ఆ రోజుల్లో మనసు కూడా కాస్త చెడిపోతుంది. తమ జట్టు గెలవాలని కోరుకోవడంతో సరిపోదు. పొరుగు జట్టు ఓడిపోవాలి. ఎక్కడో 200 కిలోమీటర్ల దూరంలో, తమలాగే పిల్లాణ్ని భుజాన ఎక్కించుకుని మ్యాచ్‌కొచ్చిన మరో తండ్రి ఏడవాలి. అప్పుడే ఇక్కడ నవ్వగలరు. మూడు కుర్చీలు తీసేయాలన్నది నియమం కదా! ఆ సంగతి తెలిసీ కోరుకోవడమే ఈ ఆటలోని చేదు.

1998 మే 10 అలాంటి రోజే. చివరి మ్యాచ్‌లో ఎవర్టన్ సొంతగడ్డ మీద కోవెంట్రీతో ఆడుతోంది. పోటీలో ఉన్న బోల్టన్ లండన్‌లో చెల్సీతో ఆడుతోంది. ఎవర్టన్ మొదట్లోనే గోలు కొట్టింది. ఆపైన వచ్చిన పెనాల్టీని చేజార్చుకుంది. ఆట ముగుస్తుందనగా కోవెంట్రీ స్కోరు సమం చేసేసింది. ఇక కళ్లు మైదానంలో, చెవులు రేడియోలో! చెల్సీ 2-0తో గెలిచిందన్న కబురుతో ఊపిరి పీల్చుకున్నారు. ఎవర్టన్‌కీ, బోల్టన్‌కీ సరిగ్గా 40 పాయింట్లే. గోల్స్ తేడాలో ఎవర్టన్ బతికిపోయింది. తమ జట్టు గెలవకపోయినా, ఎక్కడో ఎవరో కొట్టిన గోళ్ల పుణ్యాన గట్టెక్కిన రోజది.

చావు తప్పి...

అంతకు నాలుగేళ్ల ముందు ఇంకా పెద్ద గండం. 1994 మే 7న వింబుల్డన్‌తో చివరి మ్యాచ్. 20 నిమిషాలకే ఎవర్టన్ 0-2తో వెనకబడింది. ఒకవైపు స్టాండును పడగొట్టి కొత్తగా కడుతున్నారేమో, సీట్లు దొరకనివాళ్లు పార్కులో చెట్లెక్కి చూశారు. గ్రాహమ్ స్టువర్ట్ పెనాల్టీతో ఒకటి, బ్యారీ హార్న్ దూరం నుంచి బాదిన షాట్‌తో రెండు, 81వ నిమిషంలో మళ్లీ స్టువర్ట్ కాలి నుంచి మూడు. 3-2! ఆ జట్టే మరుసటి ఏడాది మాంచెస్టర్ యునైటెడ్‌ను ఓడించి ఎఫ్ఏ కప్పు గెలిచింది. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. వీళ్లకి ఏకంగా విందు భోజనమే దొరికింది.

28 ఏళ్ల తర్వాత అదే కథ మళ్లీ. 2022 మే 19న క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్. సగం ఆట అయ్యేసరికి 0-2. 1994 నాటి తండ్రులు ఇప్పుడు తాతలు. 'మేం ఇదివరకు చూశాంలే, అవుతుంది' అని వాళ్లు పిల్లలకి చెప్పగలిగిన ధైర్యం అదొక్కటే. కీన్, రిచార్లిసన్ చెరో గోలు కొట్టారు. 85వ నిమిషంలో కాల్వర్ట్ లెవిన్ తలతో మూడోది కొట్టాడు. మళ్లీ 3-2!

2023లో చివరి రోజు దాకా వచ్చింది వ్యవహారం. బోర్న్‌మత్‌తో మ్యాచ్. 57వ నిమిషంలో అబ్దులాయ్ డుకూరే పెనాల్టీ బాక్సు అంచు నుంచి కొట్టిన బంతి వలలో పడింది. 1-0. అక్కణ్నుంచి ఆట చూసినవాళ్లు తక్కువ, గడియారం చూసినవాళ్లు ఎక్కువ. నిర్ణీత సమయం అయ్యాక రిఫరీ మరో 10 నిమిషాలు కలిపాడు. ఆ 10 నిమిషాలూ పదేళ్లే! అటు లెస్టర్ తన మ్యాచ్ గెలిచేసింది. డుకూరే గోలు లేకుంటే రెండు జట్లకీ 34 పాయింట్లే అయ్యేవి. గోల్స్ తేడాలో ఈసారి మునిగిపోయేది ఎవర్టనే. తొమ్మిది నెలలు, 38 మ్యాచులు... అంతా కలిసి ఒక్క బంతి మీద ఆగింది.

ఆ సాయంత్రం లెస్టర్ కిందికి పోయింది. ఏడేళ్ల కిందట, 2016లో, ప్రపంచమంతా అబ్బురపడేలా ఇదే లీగ్‌ను గెలిచిన జట్టది. ఎవర్టన్ అభిమానులు పాటలు పాడుకుంటున్న వేళ లెస్టర్ స్టేడియంలో మరో ఊరి జనం కన్నీళ్లు పెట్టుకున్నారు.

గోరుచుట్టుపై రోకటిపోటు

మైదానంలో నెగ్గితే సరిపోతుందనుకున్నారు. 2023 నవంబరులో పిడుగు కమిషన్ రూపంలో పడింది. మూడేళ్లలో క్లబ్బు నష్టాలు 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదన్నది అప్పటి లీగ్ నిబంధన. ఎవర్టన్ నష్టం 12.45 కోట్లని తేల్చి, జట్టుకి ఒకేసారి 10 పాయింట్లు కోసేశారు. అప్పీలు చేసుకుంటే 2024 ఫిబ్రవరిలో కోతను 6కి తగ్గించారు. ఏప్రిల్‌లో మరో ఏడాది లెక్కలకుగాను ఇంకో 2 కోసేశారు. ఏ రోజు ఎన్ని పాయింట్లు ఉంటాయో తెలియని స్థితిలో ఏప్రిల్ లెక్కలు వేసుకోవాల్సి వచ్చింది.

అభిమానికి ఇక్కడే మండింది. ఆటగాళ్లని ఇష్టమొచ్చిన ధరకి కొన్నది యాజమాన్యం. చిట్టాలు రాసింది ఆఫీసు. శిక్ష మాత్రం వానలో నిలబడి చప్పట్లు కొట్టినవాడికా? స్టేడియంలో వేలమంది గులాబీ రంగు అట్టలు పట్టుకుని లీగ్ మీద నిరసన తెలిపారు. అయితే లీగ్ వాదన కూడా కొట్టిపారేసేది కాదు. ఖర్చు అదుపులో పెట్టుకున్న జట్లకి అన్యాయం జరగకూడదంటే గీత దాటినవాళ్లకి శిక్ష ఉండాలిగా! ఏమైతేనేం, 8 పాయింట్లు పోయినా ఆ ఏడాది 40 పాయింట్లతో 15వ స్థానంలో నిలిచింది ఎవర్టన్.

చేతిలో ఏముంది... గొంతు తప్ప

అభిమాని గోలు కొట్టలేడు. కోచ్‌ని మార్చలేడు. ఆటగాణ్ని కొనలేడు. మరి ఈ పోరాటంలో వాడి పాత్ర ఏంటి?

2022 వేసవిలో దానికో జవాబు దొరికింది. ఆటగాళ్ల బస్సు వచ్చే దారిలో జనం బారులు తీరారు. నీలిరంగు పొగబత్తీలు వెలిగించారు. వీధి కనపడనంత పొగ, చెవులు చిల్లులు పడేంత కేకలు. ఆటగాళ్లని తిట్టడానికి కాదు, 'మీ వెనక మేమున్నాం' అని చెప్పడానికి. పరీక్ష రాయడానికి వెళ్లే పిల్లాడికి గుమ్మందాకా వచ్చి పెరుగూ చక్కెరా పెట్టే అమ్మలాంటి పని. పరీక్ష రాసేది పిల్లాడే. కానీ ఆ చెంచాడు పెరుగుతో కాస్త ధైర్యం వస్తుంది కదా.

అలాగని గుడ్డి ప్రేమేం కాదు. 2023 జనవరిలో ఓడిన మ్యాచ్ అయ్యాక వేలమంది ఇళ్లకి కదలకుండా సీట్లలోనే కూర్చుండిపోయి డైరెక్టర్లు దిగిపోవాలని నినాదాలు చేశారు. యాజమాన్యాన్ని నిలదీసే గొంతూ, ఆటగాళ్లని భుజం తట్టే గొంతూ ఒకటే. ఆ రెంటికీ తేడా తెలిసినవాడే అసలైన అభిమాని.

ఇంకో పని కూడా చేస్తారు వాళ్లు. 2015లో ఎవర్టన్, లివర్‌పూల్ అభిమానులు కొందరు కలిసి మ్యాచ్ రోజుల్లో స్టేడియం బయట తిండిసరుకులు సేకరించడం మొదలెట్టారు. పప్పుడబ్బాలు, పాస్తా, బిస్కెట్లు... ఎవరికి తోచింది వాళ్లు ఇస్తారు. అవి నగరంలో పస్తులుండే కుటుంబాలకు చేరతాయి. జట్టు 18వ స్థానంలో ఉన్న వారం కూడా ఆ పని ఆగలేదు. ఎర్రచొక్కా, నీలిచొక్కా పక్కపక్కనే నిలబడి సంచులు నింపుతాయి. ఆకలికి పట్టికలో పైనేంటి, కిందేంటి!

పడితే లేవలేమా?

నిజంగా పడిపోతే ఏమవుతుంది? మంచి ఆటగాళ్లు ముందుగా వెళ్లిపోతారు. వాళ్లకేం, మరో క్లబ్బు పిలుస్తుంది. అసలు దెబ్బ ఆఫీసులో గుమస్తాకీ, వంటగదిలో సిబ్బందికీ, టికెట్ కౌంటర్లో అమ్మాయికీ. రాబడి తగ్గితే మొదట కత్తిరించేది చిన్న ఉద్యోగాలనే.

లీడ్స్ కథ అందరికీ పీడకల. 2001లో యూరప్ ఛాంపియన్స్ లీగ్ సెమీస్ ఆడిన జట్టు, అప్పుల్లో కూరుకుపోయి 2004లో కింది లీగ్‌కీ, 2007లో మూడో అంచెకీ జారింది. తిరిగి పైకి రావడానికి 16 ఏళ్లు పట్టి 2020 అయింది. సండర్‌లాండ్ అయితే 2017, 2018... వరసగా రెండేళ్లు రెండు మెట్లు జారింది. మూడో అంచెలోనే నాలుగేళ్లు మగ్గింది. అయినా ఆ ఊరి జనం స్టేడియానికి రావడం మానలేదు. 2025లో మళ్లీ ప్రీమియర్ లీగ్‌లో అడుగుపెట్టారు.

ఎవర్టన్ పెద్దలకి ఇంకో కథ కూడా గుర్తుంది. 1927-28లో ఒక్క సీజన్లో 60 లీగ్ గోల్స్ కొట్టిన డిక్సీ డీన్ వాళ్ల ఆరాధ్య దైవం. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. అలాంటి వీరుడు ఉండగానే 1930లో ఎవర్టన్ కిందికి పడింది! డీన్ క్లబ్బుని వదలలేదు. 1931లో రెండో అంచె విజేతగా పైకి వచ్చారు. 1932లో ఏకంగా లీగ్ గెలిచారు. 1933లో ఎఫ్ఏ కప్పు ఎత్తారు. పడటమే అంతం కాదని చెప్పడానికి వాళ్లింట్లోనే సాక్ష్యం ఉంది. ఆ డీన్ 1980లో గుడిసన్ పార్క్‌లో ఎవర్టన్-లివర్‌పూల్ మ్యాచ్ చూస్తూనే కన్నుమూశాడు.

అయినా అభిమానికి ఆ చరిత్రపాఠం ఏప్రిల్‌లో ఊరట ఇవ్వదు. ఎందుకంటే పడినవాళ్లలో కొందరే లేస్తారని కూడా చరిత్రే చెప్పింది.

కొత్త ఇంటికి పాత పేరు

2024 డిసెంబరులో క్లబ్బు అమెరికాకు చెందిన ఫ్రీడ్‌కిన్ గ్రూపు చేతికి వచ్చింది. 2025 జనవరిలో పాత కోచ్ డేవిడ్ మోయెస్ తిరిగొచ్చాడు. ఆ సీజన్లో జట్టు 13వ స్థానంలో కుదురుకుంది. 2025 మే 18న పురుషుల జట్టు గుడిసన్ పార్క్‌లో చివరి మ్యాచ్ ఆడింది. 133 ఏళ్ల కాపురం! ఆ మైదానాన్ని పడగొట్టలేదు, మహిళల జట్టుకి అప్పగించారు. పురుషుల జట్టు మెర్సీ నది ఒడ్డున, పాత ఓడరేవు స్థలంలో కట్టిన కొత్త స్టేడియానికి మారింది. 50 వేల మందికి పైగా పడతారు. ఆగస్టు 24న అక్కడ ఆడిన మొదటి లీగ్ మ్యాచ్‌లో బ్రైటన్‌పై 2-0తో గెలిచింది.

2023 మే నెలలో ఆ ఒక్క గోలు పడకపోతే? అప్పటికే అప్పులు, పైన సగం కట్టిన స్టేడియం, రాబడి లేని లీగ్. ఆ గృహప్రవేశం ఎలా జరిగేదో తలచుకోవడానికే అభిమానులు ఇష్టపడరు. 17వ స్థానానికి కప్పు ఇవ్వరు. పతకాలూ ఉండవు. కానీ ఆ స్థానం వాళ్లకి సమయాన్నిచ్చింది. తప్పులు దిద్దుకోవడానికి, ఇల్లు కట్టుకోవడానికి, తాత కథలు మనవడికి చెప్పుకోవడానికి కావాల్సినంత సమయం.

అత్యుత్తమమైనది తప్ప మరేదీ చాలదన్న నినాదాన్ని ఎవరూ చెరపలేదు. దాన్ని నిజం చేసుకోవాలన్నా ముందు బరిలో ఉండాలిగా! ఆగస్టు వచ్చిందంటే 20 జట్ల ఖాతాలోనూ సున్నాయే. ఛాంపియన్‌కీ సున్నా, చావు తప్పి బయటపడ్డవాడికీ సున్నా. ఎవర్టన్ అభిమాని ఏడాది పొడవునా ఎదురుచూసేది ఆ సున్నా కోసమే.